రెండు మైళ్ల లోపు పిల్లలకు స్కూల్ బస్సు తీసేయడం న్యాయమేనా?

రెండోతరగతి అమ్మ:
అందరికీ నమస్కారం. మేముండేది న్యూజెర్సీలో. వచ్చే సెప్టెంబర్ నుంచి కర్టసీ బస్సులు, అంటే చట్టప్రకారం తప్పనిసరి కాకపోయినా దగ్గరి పిల్లల కోసం నడిపేవి, ఆపేస్తామని మా స్కూల్ డిస్ట్రిక్ట్ నుంచి మెయిల్ వచ్చింది. ఇప్పటిదాకా మైలు దాటిన పిల్లలందరినీ ఎక్కించుకునేవారు. ఇకమీదట ఎనిమిదో తరగతి వరకు 2 మైళ్లు, హైస్కూల్ వాళ్లకు 2.5 మైళ్లు దాటితేనే బస్సు. మిగతావాళ్లు కావాలంటే డబ్బు కట్టి సీటు తీసుకోవాలి, అదీ ఖాళీ ఉంటేనే. రాష్ట్ర చట్టంలో ఉన్న దూరాలు ఇవే కాబట్టి డిస్ట్రిక్ట్ చట్టం తప్పిందని నేననడం లేదు.

మా ఇంటి నుంచి స్కూలు 1.7 మైళ్లు. మొన్న శనివారం మా ఏడేళ్ల పాపను తీసుకుని నడిచి చూశాను. మొదటి అర మైలు హాయిగా ఉంది. గ్యాస్ స్టేషన్ (పెట్రోల్ బంకు) దాటగానే సైడ్‌వాక్ (ఫుట్‌పాత్) ఉన్నట్టుండి అయిపోయింది. అక్కణ్నుంచి గడ్డిలోనే నడక. ఆ గడ్డిలో అప్పటికే సన్నగా కాలిబాట పడి ఉంది, బురదలో చిన్న బూట్ల అచ్చులు. అంటే పిల్లలు ఇప్పటికే అటు నడుస్తున్నారు. తర్వాత నాలుగు లేన్ల రోడ్డు. వాక్ సిగ్నల్ పడగానే బయల్దేరాం, సగం దాటేసరికి సిగ్నల్ మీద మిగిలిన సెకన్ల అంకె 3కి వచ్చేసింది. పాపను చంకనేసుకుని పరుగెత్తాను. మొత్తం 52 నిమిషాలు పట్టింది, అదీ ఎండ కాస్తున్న రోజున. జనవరిలో రోడ్డు మీద మంచునంతా ప్లౌ బండి ఆ గడ్డి మీదకే నెడుతుంది. అప్పుడు పిల్లలు ఎక్కడ నడవాలి?

ఇరవయ్యేళ్లుగా ఇక్కడే:
అమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ రెండో వైపు కూడా చూడండి. ప్రాపర్టీ టాక్స్ ద్వారా డిస్ట్రిక్ట్ వసూలు చేసే మొత్తాన్ని, కొన్ని మినహాయింపులు తప్పితే, ఏటా 2 శాతానికి మించి పెంచడానికి లేదు. బస్సు కాంట్రాక్టులు, ఇన్సూరెన్స్, డ్రైవర్ల జీతాలు ఆ 2 శాతం దగ్గర ఆగవు కదా. పైగా ఈ కర్టసీ పిల్లల కోసం రాష్ట్రం నుంచి రవాణా సాయం రాదు, ఖర్చంతా మన మీదే. మా ఇంటి ముందు స్టాప్‌లో పదకొండు మంది పేర్లున్నాయి. రోజూ ఎక్కేది నలుగురు, మిగతావాళ్లు కార్లలో వెళ్తారు. ఖాళీ సీట్ల కోసం ఒక రీడింగ్ టీచర్ ఉద్యోగం పోతే నేను ఒప్పుకోలేను.

రూటింగ్ పని చేసినవాడు:
ఒక బస్సు కంపెనీలో ఆరేళ్లు రూట్లు వేశాను. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఒకే బస్సు, ఒకే డ్రైవర్ పొద్దున్నే హైస్కూల్ ట్రిప్, తర్వాత మిడిల్, తర్వాత ఎలిమెంటరీ తిప్పుతారు. స్కూళ్లు వేర్వేరు వేళలకు మొదలవడానికి పెద్ద కారణం ఇదే. స్టాపులు తీసేస్తే డీజిల్ కొంచెం మిగులుతుందేమో, అంతే. బస్సు మొత్తంగా యార్డులో ఆగిపోతేనే అసలు డబ్బు మిగిలేది. అందుకే స్కూల్ బోర్డును ఎంతమంది పిల్లలు తగ్గుతారని అడగొద్దు, ఎన్ని బస్సులు తగ్గుతాయని అడగండి. మూడు ట్రిప్పుల్లో ఎలిమెంటరీ ఒక్కటే పోతే, మిగతా రెంటికీ ఆ బస్సు కావాల్సిందేగా!

ఇంకొకటి, తొందరపడి మార్చడం ప్రమాదం. 2023 ఆగస్టులో కెంటకీలోని లూయీవిల్‌లో డ్రైవర్లు చాలక, సాఫ్ట్‌వేర్‌తో రూట్లన్నీ కొత్తగా వేశారు. మొదటి రోజు చివరి పిల్లలు ఇల్లు చేరేసరికి రాత్రి పది కావచ్చింది. మర్నాటి నుంచి వారం పాటు స్కూళ్లు మూసేశారు.

నైట్‌షిఫ్ట్ నాన్న:
మాకు ఒక్కటే కారు. నేను డ్యూటీ దిగేది ఏడున్నరకు, మా ఆవిడ ఆరింటికే ఆ కారులో వెళ్తుంది. ఫీజు కట్టి సీటు తీసుకోమంటే, ఇద్దరు పిల్లలకు రెండు ఫీజులు. తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

రెండోతరగతి అమ్మ:
@ఇరవయ్యేళ్లుగా ఇక్కడే: ఖాళీ సీట్ల విషయంలో మీ మాట నిజమేనండీ. బస్సు కావాలన్నవాళ్లు ఏటా మేలోనే పేరు రాయించుకోవాలి, వరసగా కొన్ని వారాలు ఎక్కకపోతే సీటు పోవాలి అని పెడితే నాకేం అభ్యంతరం లేదు. అలా చేస్తే నిజంగానే కొన్ని బస్సులు తగ్గొచ్చు.

నేను ఒప్పుకోలేనిది దూరం ఒక్కటే చూడటాన్ని. చట్టంలో కొలత ఎలా ఉందంటే, ఇంటి గుమ్మం నుంచి స్కూలు దగ్గరి గేటు దాకా రోడ్ల మీదుగా అతి దగ్గరి దారి. ఆ దారిలో సైడ్‌వాక్ ఉందా లేదా అన్నది ఆ కొలతలోకి రాదు. కానీ అదే రాష్ట్ర చట్టం, కర్టసీ బస్సు నడిపే డిస్ట్రిక్టులకు ప్రమాదకరమైన దారుల గురించి ఒక పాలసీ ఉండాలని చెబుతోంది. ట్రాఫిక్ ఎంత, బళ్ల వేగమెంత, సైడ్‌వాక్ ఉందా, హైవే దాటాలా, ఇవన్నీ లెక్కలోకి తీసుకోవచ్చంటుంది. మా మెయిల్‌లో ఆ పాలసీ ఊసే లేదు. మైలున్నర దూరంలో చక్కటి సైడ్‌వాక్, రోడ్డు దాటించే క్రాసింగ్ గార్డ్ ఉన్న పిల్లలను నడవమనండి, నేను తోడు వెళ్తాను. మైలు దూరంలోనే నాలుగు లేన్లు దాటాల్సిన పిల్లలకు మాత్రం ఫీజు లేకుండా బస్సు ఉండాలి.

బోర్డు మెంబర్లకు రాశాను, ఈ బస్సుల విషయం మీద ఓటు వేసేముందు ఒక్కసారి ఆ దారిన నాతో నడవమని. సోమవారం పొద్దున 7:40కి గ్యాస్ స్టేషన్ దగ్గర ఉంటాను.

ఇరవయ్యేళ్లుగా ఇక్కడే:
ఖర్చు తగ్గాలన్న మాట మీదే ఉన్నానమ్మా. కానీ ఆ గ్యాస్ స్టేషన్ ముందు నుంచి ఇన్నేళ్లూ కారులో వెళ్లాను తప్ప సైడ్‌వాక్ లేదన్నది గమనించలేదు. సోమవారం నేనూ వస్తాను. టేపు తెస్తా, గడ్డి దారి ఎంత పొడవో కొలిచి బోర్డుకు ఇద్దాం.