రేడియో సిలోన్ మనకెందుకు దూరమైంది?

రాజోలు_రేడియో: ఆకాశవాణి సినిమా పాటల కోసం పెట్టిన వివిధ భారతి వచ్చాక, శ్రీలంక నుంచి వచ్చే రేడియో సిలోన్ పనైపోయిందని నిన్న నరసాపురం మాస్టారు రాశారు. కాదండీ. వివిధ భారతి 1957 అక్టోబరు 3న మొదలైంది. ఆ తర్వాత కూడా ఏళ్లతరబడి మా గోదారి లంకల్లో సిలోనే. అక్కడి తెలుగు అనౌన్సరు మీనాక్షి పొన్నుదురై గారి గొంతు ఇంటిమనిషి గొంతులా ఉండేది. బినాకా టూత్‌పేస్టు వాళ్ల సినిమా పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా 1988 దాకా అక్కడే నడిచింది.

నరసాపురం_మాస్టారు: గీత్‌మాలా హిందీ. దాంతో మన సంగతెలా తేలుతుంది? సిలోన్ పెరిగిందే మన పుణ్యాన. 1952లో కేస్కర్ కేంద్ర సమాచార ప్రసార మంత్రయ్యాక ఆకాశవాణిలో సినిమా పాటలకు చోటు లేకుండా పోయింది. కొలంబో దగ్గర ఏకలలో, రెండో ప్రపంచ యుద్ధకాలంలో మౌంట్‌బాటన్ సైన్యాల కోసం తలపెట్టిన 100 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్ సిలోన్ చేతిలో ఉండేది. షార్ట్‌వేవ్ రేడియో తరంగం ఆకాశంలో పైనెక్కడో ఉండే అయనోస్ఫియర్ అనే పొరకి తగిలి మళ్లీ కిందికి దిగుతుంది కాబట్టి గోదారి దాకా వినబడింది. వివిధ భారతిలో మనమే పాటలిచ్చాక వాళ్లకి ఆధారం పోయింది.

గోదారిగట్టు: మా ఇంట్లో గరగర తప్ప ఏమీ వచ్చేది కాదు.

యానాం_బాబాయ్: టేపురికార్డరు, టీవీ వచ్చాక పోయింది. వివిధ భారతి వల్ల కాదు.

నరసాపురం_మాస్టారు: టీవీ తర్వాతి మాట. నేనడిగేది పతనం ఎక్కడ మొదలైందని.

రాజోలు_రేడియో: మళ్లీ అదే! అప్పట్లో ఇంట్లో రేడియో ఉంటే ఏటా లైసెన్సు రుసుము కట్టాలి, మా నాన్న పోస్టాఫీసులో కట్టేవాడు. ఒక్క ఏడాది ఆలస్యమైతే ఒకాయన ఇంటికొచ్చి నలుగురిలో నిలదీశాడు. డబ్బు కట్టింది మన సర్కారుకి, పాట వినిపించింది పొరుగుదేశం. మా బోటివాళ్ల పాటంటే అంత చులకనా?

నరసాపురం_మాస్టారు: అదీ, ఇప్పుడు బయటపడింది. మీ కోపం సర్కారు మీద. మా అమ్మకి కచేరీకెళ్లే వీలు ఏనాడూ లేదు. 1948లో బెజవాడ ఆకాశవాణి కేంద్రం పెట్టాకే ఇంట్లో కూర్చుని వీణ వింది. ఆకాశవాణి కూడా సిలోన్‌లా టూత్‌పేస్టు ప్రకటనల కోసం సినిమా పాటలు వేసుకుంటూ పోతే ఆవిడకి ఆ గంట ఎవరిస్తారు?

రాజోలు_రేడియో: అమ్మగారి గంట తీసెయ్యమని ఎవరన్నారండీ? మా అమ్మ వడ్లు దంచుతూ వినే పాటకీ ఒక గంట ఇమ్మన్నాం. ఇవ్వడానికి ఐదేళ్లు పట్టింది.

నరసాపురం_మాస్టారు: ఇచ్చారు కదా, 1957లో. నేనన్నదీ అదే.

రాజోలు_రేడియో: మరి ఆ తర్వాత ముప్పై ఏళ్లు గీత్‌మాలా సిలోన్‌లో ఎలా నడిచిందండీ? ముందు దానికి జవాబు చెప్పండి.