చెన్నై – డాలస్: దూరమెంత, అసలు పట్టేది ఎన్ని గంటలు?

కావలి_కుర్రోడు: ఒక సైటులో 14,900 కి.మీ. అని ఉంది, ఇంకోదాంట్లో 16,000. టికెట్టు చూస్తే తెల్లవారుజామున 4కి చెన్నైలో ఎక్కితే, దోహాలో మారి, అదే రోజు సాయంత్రం 4కి డాలస్‌లో దిగుతారంట. పన్నెండు గంటలేనా?

పెన్నాగట్టు: దూరాలు రెండూ నిజమే తమ్ముడూ. 14,900 అనేది గ్లోబు మీద దారం బిగించి పట్టుకుంటే వచ్చేది. చెన్నై 80 డిగ్రీల తూర్పు రేఖాంశం, డాలస్ 97 పడమర. కలిపితే 177, అంటే దాదాపు భూమికి అటుపక్క. అందుకే ఆ దారం ఉత్తర ధ్రువం పక్కనుంచి పోద్ది. ఆ దారిలో నేరుగా పొయ్యే విమానం లేదు. దోహా మీదుగా 3,290, ఆపైన 12,750. అదీ నీ పదహారు వేలు.

టైముకి మన గడియారం ఒక్కటే పట్టుకో. ఎండాకాలం డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. 12కి పదిన్నర కలిపితే ఇరవై రెండున్నర. విడగొడితే దోహాకి నాలుగున్నర, అక్కడ ఆగేది 2, ఆ తర్వాత 16. నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా తేడా పదకొండున్నర.

ఒంగోలు_గిత్త: కిలోమీటర్లను 900తో భాగించి గంటలు తేల్చబాకండి. పైకెక్కేటప్పుడు, దిగేటప్పుడు, రన్‌వే దాకా పాకేటప్పుడు ఆ వేగం యాడుంటది? 850తో భాగించి అరగంట కలపండి. 12,750కి పదిహేనున్నర వస్తది. మిగతా అరగంట ఎదురుగాలికి, దారి మళ్లింపులకి. పైగాలి పడమర నుంచి తూర్పుకి తోస్తది కాబట్టి తిరుగు ప్రయాణం గంటకు పైగా తగ్గుద్ది. చలికాలం ఇంకా తేడా.

కావలి_కుర్రోడు: దోహాలో 2 గంటలు చాలా?

పెన్నాగట్టు: ఒకే పీఎన్ఆర్ అయితే సరే. మొదటి విమానం లేటై రెండోది తప్పినా వాళ్లే తర్వాతదాంట్లో ఎక్కిస్తారు. చవకగా వస్తుందని రెండు వేర్వేరు టికెట్లు మాత్రం కొనబాక. తప్పిపోతే రెండోదాని డబ్బు గోవిందా. చాలాసార్లు బ్యాగులు కూడా అక్కడే దించుకొని మళ్లీ చెక్-ఇన్ చెయ్యాలి. డాలస్ నుంచి ఇంకో ఊరికి విమానం ఉంటే మధ్యలో మూడు గంటలన్నా పెట్టుకో. ఇమ్మిగ్రేషన్ క్యూ అయ్యాక బ్యాగులు తీసుకొని కస్టమ్స్ దాటి మళ్లీ అప్పజెప్పాలి.

సూళ్లూరుపేట_బైపాస్: ఆకాశం సంగతి సరే, నేల మీద లెక్క ఎవరూ చెప్పరే! నెల్లూరు – చెన్నై 175 అని మ్యాపు చూపించేది ఊళ్లోకి. ఎయిర్‌పోర్టు ఉండేది దక్షిణాన మీనంబాక్కంలో, మనం దిగేది ఉత్తరాన రెడ్‌హిల్స్‌లో. పుళల్ దగ్గర బైపాస్ ఎక్కి పోరూరులో దిగండి, ఊరు తగలదు. నెల్లూరు నుంచి నాలుగు గంటలు, కావలి నుంచైతే ఇంకో గంట వేసుకోండి. విమానానికి మూడు గంటల ముందు లోపలుండాలి. అంటే 4 గంటల విమానానికి కావలిలో రాత్రి 8కి కారు కదలాలి.

నవంబరులో అయితే ఇంకా ముందే. 2021 నవంబరులో పెన్నా వరదకి పడుగుపాడు దగ్గర రైలుకట్ట, కోవూరు దగ్గర హైవే రెండూ దెబ్బతిన్నాయి.

ఒంగోలు_గిత్త: అద్దంకి, దర్శి వైపు వాళ్లు శంషాబాద్ కూడా చూడండి. నార్కట్‌పల్లి రోడ్డున పోయి పెద్ద అంబర్‌పేటలో ఔటర్ రింగు రోడ్డు ఎక్కితే హైదరాబాదు ట్రాఫిక్ తగలదు.

కావలి_కుర్రోడు: చెన్నైలో రైలు దిగి మెట్రో ఎక్కితే?

సూళ్లూరుపేట_బైపాస్: సెంట్రల్ నుంచి ఎయిర్‌పోర్టుకి మారకుండా మెట్రో ఉంది. రాత్రి 11 దాటితే ఉండదు. సెంట్రల్‌లో రాత్రి 9 లోపు దిగే రైలు పట్టుకో. అది లేటైతే ట్యాక్సీయే గతి.