యూడీఐడీ ఫారం ముందుకు పోవట్లేదు, మూడు గంటలైంది

నీలిగోరింట: తొమ్మిదింటికి కూర్చున్నా, పన్నెండు దాటింది. మా బాబుకి ఆటిజం. వాడి యూడీఐడీ కార్డు (వైకల్యం ఉన్నవాళ్లకి కేంద్రం ఇచ్చే గుర్తింపు కార్డు) కోసం ఆన్‌లైన్‌లో నింపుతుంటే ఒక పేజీ దగ్గర ఎర్రగీత పడి ఆగిపోతోంది. ఫోన్ మార్చా, బ్రౌజర్ మార్చా, ఫొటో సైజు తగ్గించా. పొద్దున్నే థెరపీకి వెళ్లాలి. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

సత్తెనపల్లి: ఏ పేజీ? ఏ రాష్ట్రం? వయసెంత?

రిటైర్డ్ మాస్టారు: అమ్మా, కార్డు సంగతి తర్వాత. ముందు ఇంట్లో టీవీ, సెల్లు కట్టేయండి. ముప్పై ఏళ్లు బడిలో పాఠం చెప్పినవాణ్ణి. మా రోజుల్లో ఇంటినిండా మనుషులు, పిల్లలకి మాటలు వాటంతటవే వచ్చేవి. ఇప్పుడు అన్నం ముద్ద దిగాలన్నా సెల్లే. అందుకే ఈ ఆటిజాలు.

ఇద్దరు పిల్లల తల్లి: మాస్టారూ, పెద్దవారు, కోపగించుకోకండి. సెల్లు ఎక్కువైతే మాట ఆలస్యం కావచ్చు గానీ ఆటిజం దానివల్ల రాదు. అది మెదడు ఎదిగే తీరులోనే ఉండే తేడా. మా ఇంట్లో రోజూ ఇదే మాట వినీ వినీ రెండేళ్లు నన్ను నేనే తిట్టుకున్నా. ఇంకో తల్లి నెత్తిన పెట్టకండి.

వేణు_కెపిహెచ్‌బి: టీకాల వల్ల అని కూడా అంటారు కదా?

సత్తెనపల్లి: టీకాల వల్ల రాదు. ఆ మాట 1998 నాటి ఒక పరిశోధన పేపర్ది. దాన్ని అచ్చేసిన లాన్సెట్ అనే వైద్య పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. ఫారం గురించి మాట్లాడండి.

నీలిగోరింట: సారీ, చెప్పలేదు. మాది హనుమకొండ. బాబుకి 3 ఏళ్ల 2 నెలలు. డిసేబిలిటీ వివరాల పేజీ. పుట్టుకతోనా, కారణం ఏంటి అన్న రెండూ ఖాళీగా వదిలేశా. వదిలేస్తే తీసుకోదా? ఏం పెట్టాలో ఇంట్లో తేలట్లేదు. ఏడాదిన్నరకి వాడు నాన్న, పాలు, అత్త అనేవాడు. తర్వాత ఒక్కొక్కటే పోయాయి. నాన్న అన్న వీడియో మావారి ఫోన్‌లో ఉంది. అదే పెట్టుకుని పుట్టుకతో కాదు, చూడు అంటున్నారు. మా వంశంలో లేదని అత్తయ్య. వాడేమో గిన్నె మూత తిప్పుకుంటూ ఇంకా మేలుకునే ఉన్నాడు.

సత్తెనపల్లి: నక్షత్రం (*) గుర్తున్న గడి ఖాళీగా ఉంటే ముందుకు పోదు. అంతే సమస్య.

ఇద్దరు పిల్లల తల్లి: చెల్లీ, పుట్టుకతో అనే పెట్టు. వచ్చిన మాటలు ఆగిపోవడం కొందరు పిల్లల్లో ఏడాదిన్నర, రెండేళ్ల మధ్య కనిపిస్తుంది. మా చిన్నవాడికీ అంతే. వాడు నాన్న అన్నమాట అబద్ధం కాదని మరిదిగారికి చెప్పు. సర్టిఫికెట్‌లో ఏం రాయాలో డాక్టర్లే చూసుకుంటారు. ఐసా అని ఆటిజం ఎంత ఉందో కొలిచే 40 అంశాల పరీక్ష చేస్తారు, స్కోరు 70 గానీ ఆపైన గానీ వస్తే ఆటిజం కిందికి వస్తుంది. ఇంట్లో ఎలా ఉంటాడో అడుగుతారు, దాచకుండా చెప్పు. అక్కడ మొహమాటపడి బానే ఉంటాడని చెప్పి నష్టపోయినవాళ్లం మేం. బోయిన్‌పల్లిలో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం కేంద్రం నడిపే ఎన్ఐఈపీఐడీ సంస్థ ఉంది, వీలైతే ఒకసారి చూపించు.

వేణు_కెపిహెచ్‌బి: పసివాడికి డిసేబుల్డ్ అని ముద్ర ఎందుకండీ? దివ్యాంగుడు అంటే సరిపోతుంది.

22 ఏళ్ల అబ్బాయి నాన్న: ఏ పేరైనా నాకు ఒకటే, అసలు పేరంటూ ఉండాలి. 1995 డిసేబిలిటీ చట్టంలోని ఏడు రకాల్లో ఆటిజం లేదు. మావాడికి బుద్ధిమాంద్యం అని రాసిచ్చారు, ఆ కాగితం పట్టుకుని బడి బడీ తిరిగాం. 2016 చట్టం 21 రకాలు చేసి ఆటిజాన్ని అందులో చేర్చింది. ముద్ర అనకండి, అది వాడి హక్కు. వైకల్యం 40 శాతం అని వస్తే పాత ట్యాక్స్ పద్ధతిలో మన ఆదాయం లెక్కలో 75,000 తగ్గింపు కూడా ఉంది.

రిటైర్డ్ మాస్టారు: హక్కులు సరే, వికలాంగుడు అన్న మాటకి ఏమైంది? తెలుగు మాటే కదా.

వేణు_కెపిహెచ్‌బి: ఆ మాట ఇప్పుడు చాలామంది అనట్లేదు సార్.

నీలిగోరింట: పెట్టా, వెళ్లింది. నంబర్ వచ్చింది. థాంక్స్ అక్కా. సబ్మిట్ ఆయనే నొక్కారు. చిన్నపిల్లలకి తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తారంటున్నారు, మళ్లీ ఎప్పుడు వెళ్లాలి?