సమస్యాపూరణం: “రాత చెడిన లేఖ రమ్యమయ్యె”

నిర్వాహకులు:
ఈ వారం సమస్య: “రాత చెడిన లేఖ రమ్యమయ్యె”. దీన్నే చివరి పాదంగా ఉంచి, పైన మూడు పాదాలు రాసి పద్యం పూర్తిచేయాలి. కృతజ్ఞతలు చెబుతూ చేత్తో రాసే ఉత్తరమే వస్తువు. అక్షరం కుదరనివారి ఉత్తరం ఎలా రాణిస్తుందో పద్యంలో కనబడాలి. ఊరికే పొగడ్త వద్దు.

పద్యప్రియ:
మాటమాట నడుమ మరియంత చోటుంచి
నెమ్మదిగను రాసి నిమ్మళముగ
ఇచ్చినదియు దాని హితమును చెప్పగా
రాత చెడిన లేఖ రమ్యమయ్యె

యతిమిత్ర:
ఆర్యా, మూడో పాదం బంగారం. “బహుమతికి ధన్యవాదాలు” అని ఊరుకుంటే ఏ బహుమతో, ఎవరికో తెలియదు. “మీరిచ్చిన నిఘంటువు నా రాతబల్ల మీదే ఉంటోంది” అంటే వస్తువూ ఉంది, వాడకమూ ఉంది. పైగా సంగతి తెలిసిన చదువరి చెడిన అక్షరాన్ని తానే పూరించుకుంటాడు. “నిఘంటువు”లో ఘ సరిగా పడకపోయినా ఇచ్చినవారు చదివేస్తారు.
కానీ రెండో పాదంలో నెమ్మది, నిమ్మళం రెండూ ఒకటే కదా! పాదం నింపడానికి తెచ్చిన మాట అది. “నెమ్మదిగను గీత నిడివి చూచి” అంటే యతీ (పాదం మొదటి అక్షరానికీ నడిమి అక్షరానికీ ఉండే పొంతన) నిలుస్తుంది, పనికొచ్చే సంగతీ చేరుతుంది. నిడివి ముందే చూసుకోకపోతే కుడి అంచుకు వచ్చేసరికి అక్షరాలు ఇరుక్కుని, చివరి రెండు మాటలు కిందికి జారిపోతాయి.

పద్యప్రియ:
సవరణ స్వీకరిస్తున్నాను, ధన్యవాదాలు.

గణగుణి:
తుడుపులన్ని వేరు తునకపై జరుపగా
తెల్లకాగితమున తేటమాట;
కొట్టివేతలెల్ల కూడిన చిత్తుదౌ
రాత చెడిన, లేఖ రమ్యమయ్యె

నిర్వాహకులు:
విరుపు అద్భుతం! చెడింది చిత్తుప్రతి, లేఖ కాదు. ఒక్క కామాతో సమస్య విడిపోయింది.

యతిమిత్ర:
విరుపు బాగుంది, కాదనను. కానీ సమస్యను పక్కకు తప్పించారు గణగుణి గారూ. అసలు లేఖలో రాత ఎలా ఉందో చెప్పనే లేదు. చిత్తు రాసినంత మాత్రాన చేతిరాత మారదు.

గణగుణి:
మారదు, నిజమే. కానీ రాత బాగాలేని ఉత్తరంలో గందరగోళం చాలావరకు కొట్టివేతలది. చిత్తుకాగితం కూడా అసలు కాగితమంతే ఉండాలి. అప్పుడే నాలుగైదు వాక్యాలు ఎంత చోటు తీసుకుంటాయో తెలుస్తుంది. వరసగా ఐదారు ఉత్తరాలు రాస్తే చేయి అలసి అక్షరం కుదురు తప్పుతుంది. మధ్యలో ఆగాలి.

ఉత్పలిని:
ఎడమచేతివార లెండిన దాకను
చేయి తగులనీక సిరను కాచి
అద్దుకాగితము నానింప మెల్లగా
రాత చెడిన లేఖ రమ్యమయ్యె

గణగుణి:
ఎడమచేతివారిని తలచుకున్నది మీరొక్కరే, అభినందనలు. మూడో పాదంలో మూడో గణం (అక్షరాల గుంపు) చూడండి. “తము” రెండు లఘువులే (పొట్టి అక్షరాలే), గణానికి చాలవు. “అద్దుకాగితంబు” అంటే సరి.

యతిమిత్ర:
మొన్న కలం సమస్యలో “పుస్తకము తెచ్చి” అన్నది ఎవరండీ? అక్కడా “కము” రెండు లఘువులే. అప్పుడు ఎత్తి చూపింది ఉత్పలిని గారే.

గణగుణి:
ఆ పద్యం ఆ రోజే సవరించాను. ఇక్కడ సంగతి ఇది.

పద్యప్రియ:
సిరా ఎండేదాకా ఆగేవారికి అద్దుకాగితం (బ్లాటింగ్ పేపరు) ఎందుకు?

ఉత్పలిని:
“తంబు” సవరణకు కృతజ్ఞతలు. అద్దుకాగితం పైతడిని మాత్రమే పీలుస్తుంది, జెల్ సిరా ఆ తర్వాత కూడా కాసేపు అంటుకుంటుంది. పైగా నునుపు కార్డుకు సిరా ఇంకే గుణమే ఉండదు, దానిమీద బాల్ పెన్నే మేలు. అద్దేటప్పుడు పైనుంచి నొక్కి ఎత్తాలి, రుద్దకూడదు. ఎడమచేతివారు కాగితం పైఅంచును కుడివైపుకు వాలిస్తే చేయి గీతకు దిగువనే ఉంటుంది.

యతిమిత్ర:
పెన్ను మొన మాటేమిటి? 0.7 మిల్లీమీటర్లది సాఫీగా జారుతుంది.

ఉత్పలిని:
తెలుగుకు 0.5 చాలు. లావుమొనతో సున్నలు పూడిపోతాయి, ప కాస్తా వలా కనిపిస్తుంది. మ చివర కొమ్ము కుదించుకుపోతే అదీ వ అయిపోతుంది, “మీరు” అన్నది “వీరు” అవుతుంది. “ధన్యవాదాలు”లో ధ కింది గీతనూ, న్యలోని యవత్తునూ విడిగా నిలబెట్టి రాస్తే మిగతా అక్షరాలు కాస్త వాలినా చదవొచ్చు.

నిర్వాహకులు:
గీతల సంగతి ఎవరూ పద్యంలోకి తేలేదు. తెలుగుకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి గనుక గీతల మధ్య 10 మిల్లీమీటర్లు ఉంటే మంచిది. ఇరుకైతే పైవరస వత్తు కిందివరస గుడిని తగులుతుంది. పలుచని కాగితమైతే నల్లగీతల కాగితం అడుగున పెడితే పైకి కనబడుతుంది. మందం కార్డుకు అది పనిచేయదు. పెన్సిలుతో లేతగా గీసుకుని, సిరా పూర్తిగా ఎండాకే చెరపాలి. తొందరపడితే రబ్బరు సిరాను కూడా ఈడ్చుకుపోతుంది. దీనిమీద పూరణ పంపేవారికి ఆదివారం దాకా గడువు.