రాజ్‌దూత్ 350: పాయింట్లు పీకేసి ప్రోగ్రామబుల్ ఇగ్నిషన్ పెట్టిద్దామా?

తెనాలి హెచ్‌టీ:

అందరికీ నమస్తే. నాది 1986 రాజ్‌దూత్ 350 బైకు, హెచ్‌టీ (హై టార్క్) మోడల్. మా మేనమామ బండి. మోకాళ్ళ నొప్పులతో కిక్ కొట్టలేక నాకిచ్చేశారు. బోరింగ్ అయింది, సైలెన్సర్లు కంపెనీవే, ఆటోల్యూబ్ పంపు (ఇంజనుకి ఆయిల్ తనంతట తనే అందించేది) బాగానే ఉంది.

చల్లగా ఉన్నంతసేపు బండికి వంక పెట్టలేం. తెనాలిలో బయల్దేరి దుగ్గిరాల దాటేసరికి ఇంజను వేడెక్కి, నాలుగైదు వేల ఆర్‌పీఎమ్ మధ్య మిస్ కొట్టడం మొదలవుతుంది, అదీ కుడి సిలిండర్ ఒక్కటే. ఆపి కవరు విప్పితే కుడి పాయింటు (కాయిల్ కరెంటు తెంచి స్పార్క్ ఇప్పించే కాంటాక్టు) మొహం నల్లగా మాడిపోయి, అంచు నీలం తిరిగి ఉంటుంది. ఎమరీ పేపరుతో రుద్ది గ్యాప్ 0.35 మిల్లీమీటర్లు పెట్టుకుంటే మళ్ళీ కొన్నాళ్ళు లాగుతుంది. ఇప్పుడు దొరికే పాయింట్లకి ఫైబరు (తిరిగే కామ్‌కి రాసుకుని పాయింటు తెరిచే ముక్క) కూడా ఇట్టే అరిగిపోతోంది.

సంక్రాంతికి మా బావ అమెరికా నుంచి వస్తున్నాడు, ప్రోగ్రామబుల్ సీడీఐ (పాయింట్ల బదులు స్పార్క్ ఇచ్చే ఎలక్ట్రానిక్ డబ్బా) తెస్తానంటున్నాడు. వాట్సాప్ గ్రూపులో ఒకాయన కర్వు ఫైలు (ఏ ఆర్‌పీఎమ్‌కి స్పార్క్ ఎంత ముందు పడాలో చెప్పే పట్టిక) కూడా పంపాడు, 3000 ఆర్‌పీఎమ్ దగ్గర 27 డిగ్రీలు. పికప్ అదిరిపోతుందట. తెప్పించుకోమంటారా? దీనికోసం ఇంజను కేసింగులకి రంధ్రాలు పెట్టాల్సి వస్తే మామయ్య ఊరుకోడు.

ఆటోనగర్ బాబాయ్:

బాబూ, ముందు ఆ 27 డిగ్రీల ఫైలు ఫోన్లోంచి తీసెయ్. ఎవరి బండికి, ఏ హెడ్డుకి, ఏ ఎక్స్‌పాన్షన్ ఛాంబర్లకి (రేసు సైలెన్సర్లకి) రాసిందో ఎవరికెరుక. నీ బండికి కంపెనీ చెప్పిన టైమింగ్, అంటే స్పార్క్ పడాల్సింది, పిస్టన్ పైకి చేరడానికి 2 మిల్లీమీటర్ల ముందు. 54 మిల్లీమీటర్ల స్ట్రోకుకి లెక్క కడితే అది సుమారు 20 డిగ్రీలు. 27 అంటే దాదాపు 3.6 మిల్లీమీటర్లు! ఇద్దరు కూర్చుని వారధి ఎక్కుతూ థ్రాటిల్ తిప్పితే నాకింగ్ (పెట్రోలు మిశ్రమం అదుపు తప్పి పేలడం) వస్తుంది, ఆ చప్పుడు ఎయిర్ కూల్డ్ టూ స్ట్రోక్ గోలలో నీకు వినపడదు. పిస్టన్ నెత్తిన బొక్క పడ్డాకే తెలుస్తుంది.

ఇక డబ్బా సంగతి. మన బండిలో పాయింట్ల కామ్ క్రాంకు ఎడమ కొసనే ఉంటుంది, అడ్వాన్స్ చేసే (స్పార్క్‌ని ముందుకు జరిపే) వెయిట్లూ స్ప్రింగులూ ఏమీ లేవు. కిక్ కొట్టినప్పుడూ అదే 20, ఏడు వేల మీదా అదే 20. కంపెనీవాళ్ళు మధ్యే మార్గంగా పెట్టిన నంబరు అది. నిజానికి మధ్య ఆర్‌పీఎమ్‌లో ఇంజను ఇంకొంచెం అడ్వాన్స్ అడుగుతుంది, పైన తక్కువ చాలు. పైన రిటార్డ్ చేస్తే (స్పార్క్ ఆలస్యం చేస్తే) హెడ్డు మీద భారం తగ్గుతుంది, కొంత వేడి సైలెన్సర్‌లోకి పోతుంది. వేడి గ్యాసులో ఒత్తిడి తరంగం వేగంగా తిరిగొస్తుంది కాబట్టి పైపు ఇంకాస్త పై ఆర్‌పీఎమ్ దాకా సాయం చేస్తుంది. ప్రోగ్రామబుల్ యూనిట్ వల్ల నిజమైన లాభం ఇదే. ఎక్స్‌పాన్షన్ ఛాంబర్లు పెట్టినవాళ్ళకి ఇది బాగా తెలుస్తుంది, కంపెనీ సైలెన్సర్లతో నీకు తెలిసేది కొంచెమే. కిక్ తేలికవుతుంది, ఐడ్లింగ్ నిలకడగా ఉంటుంది, పాయింట్ల పీడ వదులుతుంది. అందుకోసమే అయితే పెట్టించుకో, నేను కాదనను. రంధ్రాల భయం అక్కర్లేదు. పాయింట్ల ప్లేటు ఉన్న చోటే, అవే స్క్రూలకి పికప్ (క్రాంకు తిరగడాన్ని పసిగట్టే సెన్సర్) ప్లేటు కూర్చుంటుంది. పాత ప్లేటు వైర్లతో సహా కవర్లో చుట్టి మామయ్య చేతిలో పెట్టు.

కానీ నువ్వు చెప్పిన జబ్బు వేరు. మిస్ కొట్టేది ఒక్క కుడి వైపే, అదీ వేడెక్కాక, పైగా పాయింటు నీలం తిరుగుతోంది. నాకు మొదటి అనుమానం కండెన్సర్ మీద, పాయింట్లు మాడకుండా నిప్పురవ్వ ఆపేది అదే. రెండు కండెన్సర్లూ అటుదిటు ఇటుదటు మార్చి అదే రోడ్డు మీద నడుపు. మిస్ ఎడమకి వెళ్ళిందా, దొంగ దొరికినట్టే. వెళ్ళకపోతే కాయిళ్ళు మార్చి చూడు. అప్పుడూ కుడి వైపే ఉంటే ప్లగ్గు క్యాపు, కార్బొరేటర్ చూడాలి. ఫైబరు అరగడానికి సగం కారణం కామ్‌కి ఆనే ఫెల్ట్ ముక్క ఎండిపోవడం. చేత్తో నొక్కి చూడు, గట్టిగా అట్టముక్కలా ఉంటే బియ్యపుగింజంత గ్రీజు పెట్టు, అంతకు మించొద్దు, ఎక్కువైతే పాయింట్ల మీదకి చిమ్ముతుంది. ఫైబరు అరిగితే గ్యాప్ తగ్గి టైమింగ్ వెనక్కి పోతుందని నీకు తెలిసే ఉంటుంది.

ఇంకోటి, బోరింగ్ చేయించినప్పుడు క్రాంకు సీళ్ళు మార్చారా? ఎడమ సీలు పోతే అక్కడినుంచి గాలి లాగి మిక్స్చర్ లీన్ అవుతుంది (పెట్రోలు తగ్గి గాలి ఎక్కువవుతుంది), కుడి సీలు పోతే గేరాయిల్ తాగి తెల్ల పొగ వదులుతుంది. ఇప్పుడు బంకుల్లో పోసేది ఇథనాల్ 20 శాతం పెట్రోలు, అసలే కాస్త లీన్. దానిమీద గాలి లీకు ఉంటే ఏ కర్వు పెట్టినా పిస్టన్‌కి చేటే. ఇన్‌లెట్లు, ఎగ్జాస్ట్‌లు మూసేసి 6 పీఎస్ఐ గాలి కొట్టి, ఐదారు నిమిషాలు నిలుస్తోందో లేదో చూడు. నిలవకపోతే సబ్బునీళ్ళు పట్టుకుని కూర్చో.

సికింద్రాబాద్ పాయింట్స్:

బాబాయ్ గారి మాట కాదనట్లేదు కానీ, సిలికాన్ డబ్బాకి అంత తొందరేముంది? పాయింట్లు ఉంచి, మధ్యలో ట్రాన్సిస్టర్ మాడ్యూల్ ఒకటి పెడితే సరిపోతుంది. కాయిల్ కరెంటు మొత్తం మాడ్యూల్ మోస్తుంది, పాయింట్ల మీదుగా సిగ్నల్‌కి సరిపడా కరెంటే పోతుంది. మాడవు, నల్లబడవు, కండెన్సర్ పనే ఉండదు. కాయిళ్ళూ కంపెనీవే వాడుకోవచ్చు. ఫైబరు అరుగుదల మాత్రం ఉంటుంది. దారిలో మాడ్యూల్ పోతే కండెన్సర్ వైరు తగిలించి ఇంటికొచ్చేయొచ్చు. ప్రోగ్రామబుల్ డబ్బా పోతే లారీ ఎక్కించాలి.

హెచ్‌టీలు ఎన్ని మిగిలాయని తమ్ముడూ. బండిని బండిలా ఉంచు.

ఒహాయో ఆర్‌డీ:

నాది ఇక్కడి 1975 యమహా ఆర్‌డీ350, మీ రాజ్‌దూత్‌కి మూలమైన బండి. ముందు డిస్క్ బ్రేకు తప్పిస్తే ఇగ్నిషన్ వరకు మీదీ నాదీ ఒకటే. ప్రోగ్రామబుల్ డీసీ సీడీఐ వాడుతున్నాను, సుఖంగా ఉంది. మీ బావగారు కొనే ముందు రెండు మాటలు చెప్పండి. ఒకటి, సీడీఐకి దాని కాయిళ్ళు దానికుండాలి. పాయింట్ల కాయిల్ ప్రైమరీ నాలుగు ఓమ్‌ల దాకా ఉంటుంది, సీడీఐ కాయిల్‌ది ఒక ఓమ్ కూడా ఉండదు. పాతవి తగిలిస్తే సరైన స్పార్క్ రాదు. రెండు, ప్లగ్గు క్యాపులు 5 కిలో ఓమ్ రెసిస్టర్ ఉన్నవే వాడాలి. మామూలు క్యాపులుంటే ఆ నాయిస్‌కి డబ్బాలో ప్రాసెసర్ రీసెట్ అవుతుంది. బండి దగ్గుతుంది, మీరు కార్బొరేటర్ విప్పుకుంటూ కూర్చుంటారు.

స్లొవేనియా జీల్‌ట్రానిక్, చెక్ దేశపు ఇగ్నిటెక్ రెండూ ఇక్కడ టూ స్ట్రోక్ వాళ్ళు వాడతారు. మన క్రాంకు 180 డిగ్రీలది (ఒక పిస్టన్ పైనుంటే రెండోది కింద) కాబట్టి రెండు సిలిండర్లకీ సరిపోయే మోడలేనా అని అడిగి తీసుకోమనండి.

తెనాలి హెచ్‌టీ:

కండెన్సర్లు మార్చి చూశాను బాబాయ్ గారూ, మిస్ ఎడమకి వెళ్ళింది! కొత్త కండెన్సర్ వేశాక దుగ్గిరాల దాటి, మంగళగిరి దాకా ఒక్క దగ్గు లేదు. ఫెల్ట్ మాత్రం నిజంగా అట్టముక్కే. గాలి ఒత్తిడి కూడా నిలిచింది.

అయినా డబ్బా మీద మోజు పోలేదు, బావ ఆర్డరు పెట్టేశాడు. మల్టీమీటరుతో బ్యాటరీ చూస్తే ఐడ్లింగ్‌లో 12.1, రేజ్ చేస్తే 16 దాటుతోంది. దీనివల్ల ఇబ్బందేమైనా ఉంటుందా?

ఆటోనగర్ బాబాయ్:

ఇబ్బందా! 16 వోల్టులు వస్తుంటే డబ్బా తగిలించకు. ముందు రెగ్యులేటర్ తేల్చు. నీదాంట్లో మెకానికల్ రెగ్యులేటర్ ఉంటుంది, లోపల కాంటాక్టులు అంటుకుపోతే ఇలాగే ఎక్కుతుంది. పాయింట్లు, కాయిళ్ళు మొండివి కాబట్టి ఓర్చుకున్నాయి, ఎలక్ట్రానిక్స్ ఓర్చుకోవు. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ వేయించు కానీ, షాపువాడు చేతికొచ్చిన బైకుది ఇస్తే తీసుకోకు. మన ఆల్టర్నేటర్ బ్రష్షులు, ఫీల్డ్ కాయిల్ ఉన్న రకం. మాగ్నెట్ రోటరు బళ్ళ రెగ్యులేటర్ దీనికి పనికిరాదు. రేజ్ చేస్తే 14, 14.5 మధ్య ఆగాలి. అప్పుడే బ్రష్షులు ఎంత మిగిలాయో, స్లిప్ రింగులు మసిబారాయో చూసుకో, ఐడ్లింగ్‌లో అంత తక్కువ రావడానికి అదీ కారణం కావచ్చు.

ఇప్పుడు అసలు పని. డబ్బాకి పిస్టన్ ఎక్కడుందో తెలియదు. పికప్ నుంచి సిగ్నల్ రాగానే, నువ్వు రాసిన కర్వు చూసుకుని, కొంత ఆగి స్పార్క్ ఇస్తుంది. ఆ సిగ్నల్ ఎన్ని డిగ్రీల దగ్గర వస్తోందో సాఫ్ట్‌వేర్‌లో నువ్వే రాయాలి. అక్కడ 4 డిగ్రీలు తప్పు రాశావనుకో, స్క్రీను మీద 20 కనపడుతుంది, ఇంజనులో 24 పడుతుంది. 24 అంటే 2.9 మిల్లీమీటర్లు. అందంగా గీసిన కర్వు ఉన్నపళంగా మొత్తం పక్కకి జరుగుతుంది. కిట్టు కాగితం మీద ఉన్న నంబరు నమ్మి వదిలేసేవాళ్ళే ఎక్కువ.

నువ్వు ఇలా చెయ్. ప్లగ్గు రంధ్రంలో డయల్ గేజ్ బిగించి అసలు టాప్ ఎక్కడో పట్టు. అక్కడినుంచి క్రాంకు వెనక్కి తిప్పి, 2 మిల్లీమీటర్లు దాటి ఇంకాస్త పోనిచ్చి, మళ్ళీ ముందుకు తిప్పుతూ 2 దగ్గర ఆపు. అలా అయితే బేరింగుల లూజు లెక్కలోకి రాదు. క్రాంకుతో తిరిగే రోటరు మీద, దాని ఎదురుగా కేసింగు మీద సన్నగా తెల్ల గీత పెట్టు. ఎడమ సిలిండర్‌కి ఒకటి, కుడికి వేరే ఒకటి. ఒక గీతకి సరిగ్గా 180 డిగ్రీల్లో రెండోది ఉంటుందనుకోకు, విడిగా కొలు.

కర్వు రాసే ముందు డబ్బాలో 20 డిగ్రీలు సమంగా అన్ని ఆర్‌పీఎమ్‌లకీ రాసి బండి స్టార్ట్ చెయ్. టైమింగ్ లైటు (స్పార్క్ పడ్డప్పుడల్లా మెరిసేది) కొట్టు. 1500 దగ్గర గీతలు కలవాలి, కలవకపోతే ప్లేటు జరుపు లేదా నంబరు మార్చు. తర్వాత మెల్లగా 5000 దాకా తీసుకెళ్ళు. గీత కదలకుండా అక్కడే నిలబడితే డబ్బా నిజం చెబుతున్నట్టు. పాకితే పికప్ ఆలస్యం సరిచేసే సెట్టింగు చూడాలి. ఎడమ బాగుండి కుడి గీత ఒక్కటే తేడా వస్తుంటే, పికప్ గ్యాపో, క్రాంకు ఊగిసలాటో చూసుకోవాలి.

అది కుదిరాక కర్వు. కంపెనీ సైలెన్సర్లు కాబట్టి నేనైతే ఐడ్లింగ్‌లో 17, మూడు నుంచి ఐదు వేల దాకా 21, ఆరు వేలకి 20, ఏడున్నర వేలకి 17, ఆపైన 15 పెడతాను. అంతే. అడ్వాన్స్ పెంచాలనిపిస్తే ఒక్కో డిగ్రీ పెంచి, ఫుల్ థ్రాటిల్ లాగి, అక్కడికక్కడే ఇంజను ఆపి ప్లగ్గు విప్పి చూడు. పింగాణీ మీద నల్ల మిరియపు చుక్కలో, వెండి రవ్వలో కనపడితే వెంటనే వెనక్కి తగ్గు. కార్బొరేటర్‌లో మెయిన్ జెట్ (పెట్రోలు వదిలే రంధ్రం) కూడా ఈ పెట్రోలుకి ఒక సైజు పెద్దది వేసి చూడు, కర్వుకంటే ముందు.

గీతలు గీసే ముందు రోటరుని పెట్రోలు గుడ్డతో శుభ్రంగా తుడువు. నూనె జిడ్డు మీద పెయింటు నిలవదు.