సీనియర్ కార్మికురాలికి తప్పు చెప్పేదెలా? (పలాస జీడిపప్పు యూనిట్)

ప్రశ్న: గ్రేడింగ్ బల్ల దగ్గర అందరికన్నా సీనియర్ అయిన పెద్దావిడ ఈమధ్య పెద్ద సైజు 240 గ్రేడులో చిన్న సైజు 320 గ్రేడు గుళ్లు (విరగని పప్పులు) కలిపేస్తున్నారు. సూపర్‌వైజర్‌గా నొప్పించకుండా ఎలా చెప్పాలి?

జవాబు: నలుగురిలో అనొద్దండి. అదే రోజు, బల్లకి దూరంగా కూర్చోబెట్టి చెప్పండి. "పని బాగోలేదమ్మా" అంటే ఏం దిద్దుకోవాలో ఆవిడకి తెలీదు. ఆవిడ డబ్బాలోంచే ఒక పౌండు, అంటే సుమారు 454 గ్రాములు తూచి ఇద్దరూ కలిసి లెక్కపెట్టండి. డబ్ల్యూ (విరగని తెల్ల పప్పు) 240 అయితే 220–240 గుళ్లు రావాలి, డబ్ల్యూ 320కి 300–320. లెక్క దాటితే ఆవిడకే కనిపిస్తుంది. తర్వాత "ఏమైందమ్మా?" అని అడిగి ఊరుకోండి, మాట మధ్యలో అందుకోకండి. ముందు పొగిడి, ఆ పొగడ్తలో తప్పు దూర్చడం మాత్రం వద్దు. ఇకపై పొగిడినా అనుమానిస్తారు.

ఇంకో జవాబు: దానికన్నా ముందు బల్ల మీద వెలుతురు చూడండి. దగ్గరి చూపు తగ్గినా గుళ్ల సైజు తేడా తెలీదు.

ప్రశ్న అడిగినవారు: ఉన్నది ఒకటే ట్యూబ్‌లైటు. ముక్కలు కూడా ఎక్కువొస్తున్నాయి, పొట్టు తీసేవాళ్లకీ చెప్పాలా?

మొదటి జవాబిచ్చినవారు: ముందు డ్రయ్యర్ చూడండి. మరీ ఎండితే పప్పు విరుగుతుంది, చాలకపోతే పొట్టు అంటుకుపోతుంది. అది వాళ్ల చేతిలో లేదు, వాళ్లని అనడం అన్యాయం. లైటు మార్చిన వారానికి పెద్దావిడ డబ్బా మళ్లీ తూచండి. లెక్క సరిపోతే ఆ మాట అందరి ముందే చెప్పండి.