షేర్‌కి నిజంగా పాడటం వచ్చా, అంతా ఆటోట్యూన్ మహిమేనా?

నీరజ_నిడదవోలు అడిగిన ప్రశ్న:

మా ఇంట్లో ఈ మధ్య ఒకటే వాదన. మావాడు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం, చెవుల్లో ఎప్పుడూ ఏదో ఒకటి పెట్టుకునే ఉంటాడు. మొన్న కార్లో అమెరికన్ గాయని షేర్ పాడిన 'బిలీవ్' వస్తుంటే, "అమ్మా, గొంతు శ్రుతిని సరిచేసే ఈ ఆటోట్యూన్ సాఫ్ట్‌వేర్ గోల మొదలుపెట్టిందే ఈవిడ. పాడటం రాకే కదా మెషిన్ పెట్టుకుంది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మా చిన్నప్పుడు టీవీలో ఆవిడ పాటలు వస్తే అన్నం కంచం పట్టుకుని అక్కడే నిలబడిపోయేదాన్ని. కానీ వాడికి గట్టిగా జవాబు చెబుదామంటే నాకు తెలిసింది ఏమీ లేదు. ఆవిడకి ఆస్కార్ కూడా వచ్చిందంటారు, ఏ సినిమాకి? సోనీ అని ఒకాయన పేరు పక్కనే వినిపిస్తుంటుంది, ఆయన భర్తా, పార్ట్‌నరా? ఈ ఆటోట్యూన్ కథ ఏమిటో తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

పాప్‌కార్న్_పంతులు:

భర్తా, పార్ట్‌నరూ రెండూనండి. విడాకులయ్యాక కూడా కలిసి టీవీ షో చేశారు. మిగతాది కన్సోల్ గారు చెప్పాలి, ఆయన చెయ్యి ఎప్పుడూ ఆ మీటల మీదే కదా!

కన్సోల్_వెనక:

పిలిచారు కాబట్టి వచ్చాను. నీరజ గారూ, నేను హైదరాబాద్‌లో రికార్డింగ్ స్టూడియోలో పనిచేస్తాను. సినిమా పాటలకి గాయకుల గొంతు ట్యూనింగ్ చెయ్యడమే నా రోజువారీ కూడు. మీవాడి మాటలో సగం నిజం ఉంది. ఆటోట్యూన్‌ని అలా బాహాటంగా వినిపించిన మొదటి పెద్ద హిట్ అదే. "పాడటం రాకే" అన్నదాంట్లో మాత్రం నిజం లేదు.

ముందు గొంతు సంగతి. షేర్ 1946లో కాలిఫోర్నియాలోని ఎల్ సెంట్రోలో పుట్టింది. తండ్రి ఆర్మేనియన్ వంశం, ఇంటిపేరు సర్కీసియన్. పదహారేళ్ళకే చదువు వదిలేసి లాస్ ఏంజెలెస్ చేరింది. డిస్లెక్సియా ఉందని ఆవిడకి చాలా ఆలస్యంగా గానీ తెలియలేదు. అక్కడ సోనీ బోనో పరిచయమయ్యాడు. అతను అప్పుడు ఫిల్ స్పెక్టర్ అనే నిర్మాత దగ్గర పనిచేస్తున్నాడు. అలా ఆవిడ స్పెక్టర్ రికార్డింగుల్లో కోరస్ పాడటం మొదలుపెట్టింది. ఆ రోజుల్లో కోరస్ అంతా గదిలో ఒకేసారి నిలబడి పాడాల్సిందే. ఈవిడ గొంతు మిగతావాళ్ళని చీల్చుకుని బయటికి వచ్చేస్తోందని, మైకుకి దూరంగా వెనక్కి జరిపేవారట. ఆవిడే చెప్పుకుంది ఈ సంగతి. మా స్టూడియోలో కూడా కోరస్‌లో ఒక గొంతు అలా పొడుచుకొస్తే ఫేడర్, అంటే శబ్దం పెంచే తగ్గించే మీట, కిందికి లాగేస్తాం. అప్పట్లో లాగడానికి విడి ఫేడర్ లేదు, మనిషినే జరపాలి.

1964లో మారుపేరుతో ఆవిడ మొదటి సోలో రికార్డు వచ్చింది. గొంతు ఎంత బరువుగా ఉందంటే, పాడింది మగవాడనుకుని రేడియో వాళ్ళు వెయ్యలేదు. బీటిల్స్ డ్రమ్మర్ మీద ప్రేమ పాట అది, మగగొంతు అనుకుంటే ఆ రోజుల్లో ఎవరు వేస్తారు? మరుసటి ఏడాదే సోనీతో కలిసి పాడిన 'ఐ గాట్ యూ బేబ్' అమెరికాలో, బ్రిటన్‌లో నంబర్ వన్. 70ల మొదట్లో సోలోగా మూడు నంబర్ వన్ పాటలు, పైగా వారం వారం టీవీ షో. ఇదంతా ఆటోట్యూన్ పుట్టక ముందు మాట. టేక్ బాగా రాకపోతే మళ్ళీ పాడటమే, సాఫ్ట్‌వేర్ ఆదుకోవడం లేదు.

ఇక 'బిలీవ్'. 1998. ఆవిడకి 52 ఏళ్ళు. అంతకు ముందు కొన్నేళ్ళు బాగా నీరసించి, టీవీలో జుట్టుకు రాసుకునే సరుకుల ప్రకటనలు చేసింది. జనం నవ్వారు, కెరీర్ దెబ్బతింది. ఆ ఏడాది జనవరిలో సోనీ మంచు మీద స్కీయింగ్ చేస్తూ చెట్టుకి గుద్దుకుని చనిపోయాడు. అప్పటికి అతను అమెరికా కాంగ్రెస్ సభ్యుడు. అంత్యక్రియల్లో ఆవిడ ఏడుస్తూ మాట్లాడింది టీవీల్లో అందరూ చూశారు. అదే ఏడాది చివర్లో ఈ పాట వచ్చింది.

లండన్‌లో మార్క్ టేలర్, బ్రయాన్ రాలింగ్ అనే ఇద్దరు నిర్మాతలు చేశారు దాన్ని. చరణం దగ్గర తంటా వచ్చింది. ఇంకా బాగా పాడమని టేలర్ అడుగుతుంటే ఆవిడకి చిర్రెత్తి, అంతకంటే బాగా కావాలంటే వేరే గాయనిని చూసుకోమని వెళ్ళిపోయింది. ఆ తర్వాత టేలర్ కొత్తగా వచ్చిన ఆటోట్యూన్‌తో ఆడుకుంటూ ఒక మీటని చివరికంటా తిప్పేశాడు.

ఆ మీట ఏమిటో చెప్పకపోతే మీవాడు ఒప్పుకోడు. ఆటోట్యూన్ చేసినాయన ఆండీ హిల్డెబ్రాండ్, అంతకు ముందు చమురు రంగంలో ఉండేవాడు. భూమిలోకి ధ్వని తరంగాలు పంపి, తిరిగొచ్చిన వాటిని లెక్కగట్టి చమురు ఎక్కడుందో పసిగట్టే పని. అదే తరహా గణితంతో గొంతు ఏ శ్రుతిలో ఉందో పట్టే సాఫ్ట్‌వేర్ చేసి 1997లో అమ్మకానికి పెట్టాడు. గొంతు స్వరం మీద కాకుండా కాస్త కిందో పైనో పడితే, దగ్గరున్న స్వరానికి లాగుతుంది. ఎంత వేగంగా లాగాలో చెప్పే మీట ఒకటుంటుంది, రీట్యూన్ స్పీడ్ అంటాం. పాతిక, ముప్పై మిల్లీసెకన్ల దగ్గర ఉంచితే వినేవాడికి తెలియదు. సున్నా చేశామా, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే అవకాశమే ఉండదు. జారుడుబల్ల తీసేసి మెట్లు కట్టినట్టు, టక్కున ఒకదాని నుంచి ఇంకోదానికి ఎగురుతుంది. 'బిలీవ్' చరణంలో వినిపించే ఆ లోహపు వణుకు అదే.

దీన్ని బట్టి ఒక విషయం చూడండి. తప్పుడు శ్రుతిని దాచాలనుకునేవాడు మీటని సున్నాకి తిప్పడు, నెమ్మదిగా ఉంచుతాడు, ఎవరికీ తెలియకుండా. సున్నా చేస్తే అందరికీ తెలిసిపోతుంది, అందుకోసమే చేశారు. పైగా పాట మొత్తం విని చూడండి, ఆ మీట పనిచేసింది కొన్ని మాటల మీదే. పల్లవిలో ఆవిడ గొంతు విప్పినప్పుడు ఆ బలం మెషిన్ ఇచ్చేది కాదు. ఏ సాఫ్ట్‌వేర్ వేసినా ఊపిరి పెరగదండి, నన్ను నమ్మండి, నేను రోజూ చూస్తుంటాను.

ఆ ఎఫెక్ట్ తీసేయమని రికార్డు కంపెనీ పెద్దలు అడిగితే, నా ప్రాణం పోయాకే అని ఆవిడ అడ్డం తిరిగింది. నిర్మాతలైతే ఆ కిటుకు బయటపడకుండా, వేరే పరికరం వాడామని ఒక పత్రికకి చెప్పారు. ఇది చదివినప్పుడు భలే నవ్వొచ్చింది. మా ఫీల్డ్‌లో ఎవడూ తన సెట్టింగులు పక్కవాడికి చెప్పడు, అది లండన్ అయినా మన హైదరాబాద్ శ్రీనగర్ కాలనీ అయినా. పాట మాత్రం బ్రిటన్‌లో ఏడు వారాలు, అమెరికాలో నాలుగు వారాలు నంబర్ వన్‌గా నిలిచింది, గ్రామీ కూడా వచ్చింది.

పక్కదారి అనుకోకపోతే ఒక మాట. మన పాటకి ఆ సున్నా మీట పెడితే గమకం చచ్చిపోతుంది. గాంధారం నుంచి మధ్యమానికి ఊగుతూ వెళ్ళే చోట, సాఫ్ట్‌వేర్ దాన్ని తప్పు అనుకుని సరిచేసేస్తుంది. అందుకే రాగం ఉన్న లైన్లకి నేను ఆటోమేటిక్ వాడను, ఒక్కో స్వరాన్నీ చేత్తో పట్టుకుని జరుపుతాను. ఐటమ్ సాంగ్ ర్యాప్ ముక్కలకి మాత్రం దర్శకులే అడుగుతారు, "ఆ రోబో గొంతు పెట్టండి" అని.

రాధిక_ఎడిసన్:

కన్సోల్ గారు సినిమాల జోలికి పోలేదు కాబట్టి నేను చెబుతా. ఆస్కార్ 'మూన్‌స్ట్రక్'కి వచ్చింది, ఉత్తమ నటి, 1988 వేడుకలో. సినిమా 1987ది. నీరజ గారూ, తప్పకుండా చూడండి, మన ఇల్లే అనిపిస్తుంది. బ్రూక్లిన్‌లో ఇటాలియన్ కుటుంబం, తాత, కుక్కలు, వంటింట్లో పంచాయితీలు. షేర్ వేసింది లొరెట్టా అనే విధవరాలి పాత్ర, కొట్లకి లెక్కలు రాసే ఉద్యోగం. మొదటి పెళ్ళి పద్ధతి ప్రకారం జరగలేదు, అందుకే మొగుడు బస్సు కింద పడి పోయాడని ఆవిడ గట్టి నమ్మకం. అందుకని రెండోవాడు పెళ్ళి మాటెత్తితే, హోటల్లోనే అందరి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉంగరం ఇచ్చి అడగమంటుంది. మా అమ్మమ్మ చూసుంటే "పిల్లకి బుద్ధుంది, అన్నీ పద్ధతిగా చేయించుకుంటోంది" అనేది. తీరా పెళ్ళికొడుకు తమ్ముడితో ప్రేమలో పడుతుంది, ఆ తమ్ముడు నికొలస్ కేజ్. అతను ప్రేమిస్తున్నాననగానే రెండు చెంపలు వాయించి, తేరుకోమని కసురుతుంది. అక్కడ ఆవిడ ముఖం చూడండి, కోపం ఉంది, భయం అంతకంటే ఎక్కువ ఉంది.

అక్కడిదాకా రావడం అంత తేలిగ్గా జరగలేదు. టీవీలో తళుకుల బట్టలేసుకుని జోకులేసే మనిషిని సినిమావాళ్ళు లెక్కచెయ్యలేదు. ఆవిడ న్యూయార్క్ వచ్చి 1982లో రాబర్ట్ ఆల్ట్‌మన్ దర్శకత్వంలో బ్రాడ్‌వే నాటకం వేసింది. అది చూసి దర్శకుడు మైక్ నికొల్స్ 'సిల్క్‌వుడ్'లో వేషమిచ్చాడు, మెరిల్ స్ట్రీప్ పక్కన, మేకప్ లేకుండా. థియేటర్లో ఆ సినిమా ట్రైలర్ చూడ్డానికి వెళ్తే, తెర మీద తన పేరు పడగానే హాలంతా నవ్విందట. ఆ సినిమాకే ఆస్కార్ నామినేషన్ వచ్చింది. తర్వాత 'మాస్క్' సినిమాకి కాన్స్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి అవార్డు వచ్చింది, కానీ ఆస్కార్ నామినేషన్ రాలేదు. ఆ ఏడాది ఆస్కార్ వేదిక మీద అవార్డు ఇవ్వడానికి మాత్రం పిలిచారు. తలమీద పెద్ద ఈకల కిరీటం, పొట్ట కనిపించే నల్ల డ్రెస్సుతో వెళ్ళింది. సీరియస్ నటి డ్రెస్సు ఎలా ఉండాలో తనకి పుస్తకం అందిందని స్టేజి మీదే చమత్కరించింది. నాకైతే అవార్డు కంటే ఆ డ్రెస్సే ఎక్కువ ఇష్టం.

నీరజ_నిడదవోలు:

మావాడికి కన్సోల్ గారి జవాబు చదివి వినిపించాను. "రీట్యూన్ స్పీడ్ సున్నా" దగ్గర ఫోన్ లాక్కుని మిగతాది తనే చదువుకున్నాడు. అంటే ఒప్పుకున్నట్టే, నోటితో చెప్పడు. సోనీ గారి సంగతి ఇంకా తేలలేదు, అంత బాగా కలిసి పాడేవాళ్ళు ఎందుకు విడిపోయారు?

ఆడిట్_ఆంజనేయులు:

నీరజమ్మా, అది నా శాఖ. మొగుడూ పెళ్ళాల గొడవ ఎంత ఉందో మనకెందుకు గానీ, కాగితాల గొడవ చాలా ఉంది. షేర్ పేరు మీదే ఒక కంపెనీ ఉండేది. దాంట్లో సోనీ వాటా 95 శాతం, లాయరుది 5 శాతం. షేర్ వాటా ఎంతమ్మా అంటే సున్నా. తన పేరున్న కంపెనీలో తనే జీతగత్తె! 70ల మధ్యలో, డేవిడ్ గెఫెన్ అనే రికార్డు కంపెనీ యజమాని ఆ కాగితాలు చదివి చెప్పేదాకా ఆవిడకి తెలియలేదు. దేశమంతా వారం వారం ఆ జంటని చూసి మురిసిపోతున్న రోజులవి. 1975లో విడాకులు ఖరారయ్యాయి.

ఆ లెక్క అంతటితో తెగలేదు. 1978లో ఆస్తి ఒప్పందం రాసుకున్నారు, సోనీతో ఉన్న రోజుల పాటల రాయల్టీలో సగం షేర్‌కి అని. సోనీ పోయాక అతని భార్య మేరీ బోనో, కాపీరైట్ చట్టంలో ఒక సెక్షన్ చూపించి ఆ వాటా ఆపేయబోయింది. షేర్ 2021లో కోర్టుకెక్కింది. 2024లో జడ్జి షేర్ పక్షాన తీర్పు చెప్పాడు, పాత ఒప్పందమే చెల్లుతుందని. ఆవిడకి అప్పటికి 78 ఏళ్ళు, అదే ఏడాది రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి కూడా తీసుకున్నారు.

కన్సోల్_వెనక:

ఆంజనేయులు గారూ, మా ట్రాక్ సింగర్లకి కూడా కాగితాలు చదవడం మీరు నేర్పాలి సార్. సంతకం పెట్టి టీ తాగి వెళ్ళిపోతారు.

నీరజ గారూ, మీవాడికి ఒక పని చెప్పండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని 'బిలీవ్' చరణం ఒకసారి, పల్లవి ఒకసారి విడివిడిగా వినమనండి. తర్వాత 1989లో వచ్చిన 'ఇఫ్ ఐ కుడ్ టర్న్ బ్యాక్ టైమ్' వినమనండి, యుద్ధనౌక మీద తీసిన పాట. ఆ పాటలో ఆవిడ వేసుకున్న డ్రెస్సు చూసి ఎంటీవీ వాళ్ళు రాత్రి తొమ్మిది దాటాకే వేసేవారు. ఆటోట్యూన్ రావడానికి ఇంకా ఎనిమిదేళ్ళు ఉంది అప్పటికి.